యూజర్ స్టోరీ ఎలా రాయాలి, పాయింట్లు ఎలా వేయాలి: బత్తాయి కాంటా దగ్గర నేర్చుకున్న లెక్క

మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు ఒకడు పోయిన నెల చేయాల్సిన పనికి ఒక టికెట్ రాశాడు. "రైతు మాడ్యూల్, తూకం, స్క్రీన్ చేయాలి." అంతే, ఇంకేం లేదు. కింద పాయింట్ల గడిలో, అంటే పని ఎంత పెద్దదో అంచనా వేసే చోట, 5 అని వేసి ఉంది. ఎందుకు 5 అని అడిగితే "అన్నా, పోయిన టికెట్‌కు గూడ 5 ఏసినం గదా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో నేను ఇంతకన్నా అన్యాయంగా రాసేవాణ్ణి కాబట్టి ఏమీ అనలేదు. నల్లగొండలో ఐటీ టవర్, పాలమూరు పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్, రెండూ 2023లో తెరిచారు. ఇంట్లో సద్ది కట్టుకుని బండి మీద ఆఫీసుకు పోయే పిల్లలు ఇప్పుడు మన దగ్గర కూడా ఉన్నారు. వాళ్లకు టీమ్ పనులన్నీ రాసుకునే జీరా అనే సాఫ్ట్‌వేర్‌లో టికెట్ తెరవడం మొదటి రోజే నేర్పిస్తారు, అందులో ఏం రాయాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఇది రాస్తున్నా.

ఉదాహరణలన్నీ మేం చేస్తున్న పని నుంచే తీసుకుంటా. బత్తాయి రైతులు, కొనే బేరగాళ్లు, కాంటా దగ్గర కూర్చునే గుమస్తాలు వాడే చిన్న యాప్ మాది. నల్లగొండ వాళ్లకు బత్తాయి గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి: మచ్చకాయ, పచ్చికాయ, దారిలో ఎండేది అని చెప్పి, కాంటా మీద వచ్చిన బరువులోంచి టన్నుకు ఇన్ని కిలోలని కొనేవాడు తీసేసుకునేదాన్ని సూటు అంటారు. వడ్ల దగ్గర అదే పని తరుగు పేరుతో జరుగుతుంది. గొడవలన్నీ అక్కడే.

ముందు స్టోరీ అంటే ఏంటో తేల్చుకుందాం. వాడే మనిషికి ఏం కావాలో, ఎందుకు కావాలో చెప్పే చిన్న మాట అది. 1990లలో అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీకి జీతాల సాఫ్ట్‌వేర్ చేస్తున్నప్పుడు కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ వాళ్ల టీమ్ లావు లావు డాక్యుమెంట్లు పక్కన పెట్టి చిన్న అట్టముక్కల మీద ఒక్కో పని రాసుకుంది. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి అక్కడే పెరిగింది. అట్టముక్క మీద అన్నీ పట్టవు, పట్టకూడదనే దాన్ని చిన్నగా ఉంచారు. పట్టనిదంతా మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. 2001లో జెఫ్రీస్ దీన్ని మూడు మాటల్లో చెప్పాడు: కార్డు, దాని మీద సంభాషణ, చివర్లో అనుకున్నట్టే అయిందా లేదా అని తేల్చే కన్ఫర్మేషన్. మన దగ్గర జరిగేదేంటంటే, కార్డు మాత్రం జీరాలోకి ఎక్కింది, మిగతా రెండూ దారిలో పడిపోయాయి. అన్నట్టు, స్క్రమ్ అనే పద్ధతిలో పని చేస్తున్నాం కాబట్టి యూజర్ స్టోరీ తప్పనిసరి అని ఎవరైనా దబాయిస్తే 2020 స్క్రమ్ గైడ్ తెరిచి చూపించండి. అందులో యూజర్ స్టోరీ అనే మాటే లేదు, స్టోరీ పాయింట్లూ లేవు. పనికొస్తాయి కాబట్టి వాడుతున్నాం, రూలు ఉండి కాదు.

కారణం ముందు రాయండి

అందరికీ తెలిసిన మూస ఒకటుంది: ఎవరు, ఏం కావాలి, ఎందుకు. లండన్‌లో కనెక్స్‌ట్రా అనే కంపెనీ టీమ్ 2001లో దాన్ని వాడకంలోకి తెచ్చింది. ఇంగ్లీష్‌లో బాగానే ఉంటుంది. దాన్ని తెలుగులోకి మక్కీకి మక్కీ దించితే మాత్రం ఇలా తయారవుతుంది: "ఒక రైతుగా, నేను తూకం చీటీని చూడాలనుకుంటున్నాను, తద్వారా నాకు సూటు తెలుస్తుంది." ఇలా మాట్లాడే రైతు నాకు మిర్యాలగూడ నుంచి దేవరకొండ దాకా ఎక్కడా కనిపించలేదు. కాంటా దగ్గర ఒకాయన నాతో అన్నది ఇదీ: "ఎంత సూటు కోసిండో తెల్వాలంటే నాకు చీటీ ఫోన్ల కనవడాలె గద సారూ." ఎందుకు అన్నది ముందొచ్చింది, ఏం కావాలి అన్నది తర్వాతొచ్చింది. మన వాక్యం నడక అది. నేను టీమ్‌లో చెప్పేది కూడా అదే, స్టోరీని అలాగే రాయండి అని:

సూటు ఎంత తీశారో తెలియాలంటే, రైతుకు తన లోడు తూకం చీటీ ఫోన్‌లో కనబడాలి.

ఇంగ్లీష్ మూసలో కారణం చివర్లో ఉంటుంది కాబట్టి టైం లేనప్పుడు జనం దాన్నే ఎగ్గొడతారు, లేదా "చూడటానికి వీలుగా చూడాలి" అన్నట్టు ఏదో ఒకటి గీకుతారు. మన వరసలో కారణం లేకపోతే వాక్యమే మొదలు కాదు. జీరాలో ఇంగ్లీష్‌లోనే రాయాలని క్లయింట్ పట్టుబడితే ముందు తెలుగులో ఒకసారి పైకి అనుకుని, తర్వాత ఇంగ్లీష్‌లో రాయండి, తేడా మీకే తెలుస్తుంది.

కారణం అడగనందుకు మేం కట్టిన జరిమానా ఒకటి చెప్తా. "రైతు చీటీని పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసుకోవాలి" అని ఒక స్టోరీ వచ్చింది. ఎందుకు అని ఎవరం అడగలేదు. తెలుగు అక్షరాలు పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోయి వస్తుంటే వాటితో కుస్తీ పట్టి, ఫాంట్ మార్చి, రెండు వారాలు ఖర్చు పెట్టి ఇచ్చాం. తీరా కాంటా దగ్గరికి పోయి చూస్తే రైతులు చేస్తున్నదేంటి, స్క్రీన్‌షాట్ కొట్టి హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కో అల్లుడికో వాట్సాప్‌లో పంపుతున్నారు, లెక్క వాళ్లు చూసి చెప్తారని. "చదువుకున్నోళ్లతో లెక్క చూపించుకోవాలంటే" అనే ముక్క ఆ స్టోరీలో ఉండి ఉంటే, ఒక షేర్ బటన్, ఒక బొమ్మ, రెండు రోజుల్లో అయిపోయేది.

ఇంకోటి, "యూజర్" అని రాయకండి. యూజర్ అనే మనిషి ఊళ్లో ఎవరూ లేరు. రైతు ఉన్నాడు, బేరగాడు ఉన్నాడు, కాంటా గుమస్తా ఉన్నాడు, రాత్రి పదింటికి చీటీ కోసం తొందరపెట్టే డ్రైవర్ ఉన్నాడు. అదే తూకం బేరగాడికీ కావాలి, కానీ ఆయనకు సాయంత్రానికి ఎంత డబ్బు సర్దాలో తెలియడానికి ఆ రోజు లోడ్లన్నీ కలిపి ఒక మొత్తం కావాలి. ఇవి రెండు వేరే స్టోరీలు. ఒకే స్క్రీన్‌లో ఇరికిస్తే ఇద్దరికీ పనికిరాదు.

అయింది అని ఎట్లా తెలుస్తుంది

యాక్సెప్టెన్స్ క్రైటీరియా అనే పెద్ద పేరు చూసి భయపడకండి. పని అయ్యాక కొట్లాట రాకుండా ముందే అనుకున్న మాట, అంతే. డాన్ నార్త్ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన మూడు ముక్కల పద్ధతి ఒకటి ఉంది: ఇలా ఉన్నప్పుడు, ఇది చేస్తే, ఇది జరగాలి. ఇంగ్లీష్ వాళ్లకు దీనికి మూడు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది, మనకు ఉంటే, చేస్తే, కావాలి అని క్రియలోనే కలిసి ఉన్నాయి. అసలు కిటుకు మాత్రం మూసలో లేదు, అంకెల్లో ఉంది. "సూటు సరిగ్గా లెక్కపెట్టాలి" అని రాస్తే అందరూ తలూపుతారు, ఎవరి బుర్రలో లెక్క వాళ్లకుంటుంది. ఇలా రాసి చూడండి:

సరుకుతో బండి 9,840 కిలోలు, ఖాళీ బండి 3,620 కిలోలు, బేరంలో సూటు టన్నుకు 50 కిలోలు అని ఉంటే, రైతు చీటీ తెరిస్తే, నికరం 6,220, సూటు 311, లెక్కకు వచ్చేది 5,909 కిలోలు అని మూడూ విడివిడిగా కనబడాలి.

ఇది రాస్తుంటేనే మా టెస్టర్ అక్క ఒక ప్రశ్న వేసింది, నికరం 6,230 వస్తే సూటు 311న్నర అవుతుంది కదా, ఆ అర కిలో ఎవరికి పోవాలి అని. డెవలపర్లం ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. ఎవరికి వాళ్లం కోడ్‌లో ఏదో ఒక రౌండింగ్ పెట్టేసేవాళ్లమే. ఒక లోడుకు అర కిలో ఏం పెద్దది అనిపిస్తుంది గానీ, కాంటా దగ్గర చేత్తో రాసే చీటీకీ యాప్‌కీ ఒక్క కిలో తేడా వచ్చినా రైతు నమ్మేది చేతి చీటీనే. గుమస్తాకు ఫోన్ చేసి అడిగితే "కిలో కింద ముక్కలు ఎవరు జూస్తరు, రైతు దిక్కే ఇడిసిపెడతం" అన్నాడు. అదే రెండో క్రైటీరియా అయింది. మూడోది కూడా ఆయన దగ్గరే దొరికింది: తొందరలో ఖాళీ బండిని తూకం వేయకుండానే తోటకు తీసుకుపోతారట ఒక్కోసారి. అప్పుడు చీటీలో నికరం దగ్గర సున్నా రాకూడదు, "ఖాళీ బండి తూకం కాలేదు" అని రావాలి.

ఇలాంటివి మూడో నాలుగో చాలు. పది దాటాయంటే అది ఒక స్టోరీ కాదు, రెండో మూడో కలిసిపోయి ఉన్నాయి. బటన్ రంగు, ఫాంట్ సైజు ఇక్కడ రాయొద్దు.

పెద్దదాన్ని కోయడం

"రైతుకు తన డబ్బు లెక్క మొత్తం యాప్‌లో కనబడాలి." దీన్ని ఎపిక్ అంటారు, అంటే ఇంకా కోయని గుమ్మడికాయ. మేం మొదట కోసింది ఇలా: డేటాబేస్ టేబుళ్లు ఒక టికెట్, వాటిని స్క్రీన్లతో కలిపే ఏపీఐ ఒక టికెట్, స్క్రీన్లు ఒక టికెట్. ముగ్గురికి మూడు పంచాం, చూడటానికి న్యాయంగానే ఉంది. రెండు స్ప్రింట్లు, అంటే టీమ్ పని కట్టుకునే చిన్న గడువులు రెండు, అయ్యాక డెమోలో చూపించడానికి ఏమీ లేదు. ఐదెకరాలు మొత్తం దున్ని పెట్టి, ఇంకా నీళ్లు పెట్టలేదు, నారు పోయలేదు, కానీ దున్నుడు మాత్రం బ్రహ్మాండంగా అయింది అని చెప్పుకున్నట్టు. ఒక్క మడి తీసుకుని దున్ని, నీళ్లు పెట్టి, నాటు వేసి చూపించాలి. మడి చిన్నదే, కానీ కాలువ ఎక్కడ తెగిందో, నీళ్లు ఎటు నిలబడుతున్నాయో తెలిసేది అప్పుడే.

రెండోసారి ఇలా కోశాం. మొదటి ముక్క: ఒక రైతు, ఒక లోడు, గుమస్తా చేత్తో అంకెలు కొడతాడు, సూటు లేదు, నికరం మాత్రం రైతు ఫోన్‌లో కనబడుతుంది. రెండోది సూటు తీసిన లెక్క. మూడోది సీజన్‌లోని లోడ్లన్నీ ఒకచోట. చేత్తో కొట్టడం బదులు చీటీ ఫోటో తీయడం ఆ తర్వాత, కాంటా మిషన్ నుంచి అంకె నేరుగా యాప్‌లోకి రావడం అన్నిటికన్నా ఆఖర్న. చూడండి, ప్రతి ముక్కలోనూ స్క్రీన్ ఉంది, ఏపీఐ ఉంది, టేబుల్ ఉంది, తలా కొంచెం. మొదటి ముక్క చూసి, ఏ పని ముందు చేయాలో తేల్చే మా ప్రోడక్ట్ ఓనర్ "గింత దాంతోని ఏం జేస్తరు" అని పెదవి విరిచాడు. దాన్నే కాంటా దగ్గర వారం రోజులు పెట్టాం. మూడో రోజు గుమస్తా ఫోన్ చేశాడు, ఒకే బండిలో ఇద్దరు అన్నదమ్ముల కాయ వచ్చింది, ఎవరి పేరు మీద కొట్టాలి అని. ఒక లోడుకు ఒకడే రైతు అనుకుని మేం గీసుకున్న టేబుల్ మొత్తం తప్పు. మొదటి పద్ధతిలో పోయి ఉంటే ఇది నాలుగు నెలలకు బయటపడేది.

ఎంత చిన్నగా కోయాలి అంటే, నా లెక్కన ఒకరో ఇద్దరో కలిసి రెండు మూడు రోజుల్లో టెస్టింగ్‌తో సహా ముగించగలిగేంత. స్టోరీలో "మరియు" కనబడితే అక్కడ కత్తి పెట్టండి. నోటితో మాట్లాడేటప్పుడు మనం "మరియు" అసలు అనం కదా, అది వచ్చిందంటే రెండు పనులను బలవంతంగా ముడేశారని అర్థం.

బిల్ వేక్ 2003లో ఇన్వెస్ట్ అని ఆరు గుణాల జాబితా ఇచ్చాడు: విడిగా నిలబడాలి, బేరమాడే వీలుండాలి, విలువ ఉండాలి, అంచనాకు అందాలి, చిన్నగా ఉండాలి, పరీక్షించగలగాలి. ఇంటర్వ్యూల్లో అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. పనిలో నేను పట్టుబట్టేది చివరి రెండింటి దగ్గర. విడిగా నిలబడటం అనేది ఎంత గింజుకున్నా పూర్తిగా కుదరదు, సూటు లెక్క తూకం లేకుండా ఎట్లా వస్తుంది.

పాయింట్లు

మా మామ తోటకు బేరగాడు వస్తే టేపు తీసుకురాడు, కాయలు లెక్కపెట్టడు. నాలుగు సాళ్లు నడుస్తాడు, రెండు చెట్ల కొమ్మలు పైకెత్తి లోపలి కాయ చూస్తాడు, "పోయినేడు మీ పక్కాయన తోటంత లేదే, దాంట్ల ముప్పాతిక వస్తది" అంటాడు. ఇన్ని టన్నులు అని సూటిగా చెప్పమంటే నసుగుతాడు గానీ, కోసి చూసిన తోటతో పోల్చి చెప్పమంటే ధైర్యంగా చెప్తాడు. స్టోరీ పాయింట్లు అంటే ఇంతే. ఎన్ని గంటలు అని అడిగితే మనం చెప్పలేం, చెప్పినా తప్పుతాం. చేసేసిన పనితో పోల్చి ఇది దానికన్నా చిన్నదా పెద్దదా అంటే చెప్పగలం.

అందుకే మొదట ఒక పక్కతోట కావాలి. అందరూ చేయి పెట్టిన, పూర్తయిన స్టోరీ ఒకటి తీసుకోండి, మరీ చిన్నదీ కాదు మరీ పెద్దదీ కాదు. మాకు సూటు లెక్క స్టోరీ అలాంటిది, దానికి 3 అని పెట్టుకున్నాం. ఇక ప్రతిదీ దాంతో పోల్చడమే. రెండు మూడు నెలలకోసారి ఆ పోలిక స్టోరీని మళ్లీ గుర్తు చేసుకోవాలి, లేకపోతే మా తమ్ముడిలా అన్నిటికీ 5 పడతాయి.

పోల్చేటప్పుడు పని పొడవు ఒక్కటే చూస్తే దెబ్బ తింటారు. పాలమూరు నుంచి మట్టి పనికి దేశం మీద పోయిన గుంపు మేస్త్రీని ఎవరినైనా అడగండి. అదే పొడవు, అదే వెడల్పు, అదే లోతు కాలువ తవ్వాలి, చెల్క నేలలో ఒక రేటు, మొరంలో ఒక రేటు, బండ తగిలితే బేరమే మళ్లీ మొదలు. స్క్రీన్ మీద ఒక గడి పెంచడం కొత్త కోడ్‌లో 1 కావచ్చు, రాసినవాడు మానేసి వెళ్లిపోయిన ఐదేళ్ల పాత కోడ్‌లో అదే గడి 8 కావచ్చు. పని ఎంత, చిక్కు ఎంత, మనకు తెలియనిది ఎంత, మూడూ కలిపి ఒక అంకె.

అంకెలు 1, 2, 3, 5, 8, 13 అని ఎందుకు ఎగురుతూ పోతాయంటే, పని పెద్దదయ్యేకొద్దీ మన చూపు మసకబారుతుంది. 12కూ 13కూ తేడా చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. వీటిని ఫిబొనాచ్చి అంకెలు అంటారు గానీ, లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అయితే ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కట్టొచ్చు అని మన ఛందస్సు వాళ్లు అంతకు ముందే లెక్క తీశారు. విరహాంకుడు చెప్పాడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పాడు. నాలుగు మాత్రలకు ఐదు రకాలు, ఐదు మాత్రలకు ఎనిమిది. ఫిబొనాచ్చి రాసింది 1202లో. స్ప్రింట్ ప్లానింగ్‌లో నిద్రొస్తుంటే ఈ ముచ్చట పనికొస్తుంది.

ప్లానింగ్ పోకర్ ఆడే తీరు

టీమంతా కలిసి పాయింట్లు వేసే ఈ ఆటను జేమ్స్ గ్రెనింగ్ 2002లో మొదలుపెట్టాడు, మైక్ కోన్ వల్ల ప్రపంచమంతా పాకింది. ప్రోడక్ట్ ఓనర్ స్టోరీ చదువుతాడు, అందరూ ప్రశ్నలు అడుగుతారు, తర్వాత ప్రతి ఒక్కరూ ఒక అంకె మనసులో అనుకుని అందరూ ఒకేసారి బయటపెడతారు. ఒకేసారి అన్నదే ప్రాణం. సీనియర్ అన్న ముందు "రెండే తమ్మీ, ఏముంది దాంట్ల" అన్నాడంటే కొత్త పిల్ల 8 అనుకున్నా నోరు తెరవదు. మన దగ్గర పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదనేది ఒకటుంది కదా, దానికి ఇంతకన్నా మందు లేదు. కార్డులు లేకపోతే వేళ్లు చాలు. వీడియో కాల్ అయితే చాట్‌లో అంకె కొట్టి పెట్టుకుని మూడు లెక్కపెట్టగానే ఎంటర్ నొక్కండి.

అంకెలు దగ్గర దగ్గరగా వస్తే, ఒకటి అటూ ఇటూ అయితే, పెద్దది తీసుకుని ముందుకు పోండి, దానికి చర్చ వద్దు. దూరంగా వచ్చినప్పుడే అసలు పని మొదలవుతుంది. అన్నిటికన్నా తక్కువ వేసినవాళ్లు, అన్నిటికన్నా ఎక్కువ వేసినవాళ్లు ఎందుకో చెప్పాలి, తక్కినవాళ్లు వినాలి. సగటు మాత్రం తీయొద్దు, 3కూ 13కూ సగటు 8 అని రాసుకుంటే ఒకరికి తెలిసిన విషయం మిగతావాళ్లకు తెలియకుండానే సమాధి అయిపోతుంది.

మా దగ్గర జరిగింది చెప్తా. "ఇంటర్నెట్ లేని ఫోన్ ఉన్నా లెక్క తెలియాలంటే, కాంటా కాగానే రైతుకు తెలుగులో ఎస్సెమ్మెస్ రావాలి." నేను 3 వేశాను, ఎస్సెమ్మెస్ పంపే సర్వీసును పిలవడమే కదా అని. ఇంకో ఇద్దరు 3, ఒకరు 5. టెస్టర్ అక్క 13. నాకు లోపల కొంచెం చిరాకేసింది, నిజం చెప్పాలి. ఆమె ఒక్కోటి విప్పింది. ఇంగ్లీష్ ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు పడుతుంది, తెలుగు యూనికోడ్ కాబట్టి 70 మాత్రమే, అందులో గుణింతం గుర్తులు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి, మనం రాసుకున్న మెసేజ్ రెండు ముక్కలవుతుంది, ఖర్చు రెట్టింపు. రెండోది, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్స్ ప్రకారం పంపేవాళ్ల పేరు, మెసేజ్ నమూనా రెండూ డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ముందే రిజిస్టర్ చేయించాలి, అది మన చేతిలో లేని పని. మూడోది, మన దగ్గర ఉన్న నంబర్లలో చాలావరకు రైతువి కావు, కొడుకువో, ఊళ్లో ఫోన్ ఉన్న ఇంకొకరివో. ఒకే నంబరు ముగ్గురు రైతుల పేర్ల మీద ఉంది, మెసేజ్‌లో రైతు పేరు లేకపోతే ఎవరి లెక్కో తెలియదు, పేరు పెడితే 70 అక్షరాలు ఇంకా మించుతాయి. పావుగంట పట్టింది. ఆ పావుగంట లేకపోతే ఇవన్నీ స్ప్రింట్ తొమ్మిదో రోజున తెలిసేవి.

రెండు మూడు రౌండ్లు ఆడినా అంకె కుదరలేదంటే కొట్లాడుతూ కూర్చోవద్దు. అక్కడ స్టోరీలోనే మనకు తెలియని గొయ్యి ఏదో ఉంది.

తెలియనిది మరీ ఎక్కువైతే స్పైక్ చేయాలి, అంటే గడువు పెట్టుకుని కొంచెం తవ్వి చూడాలి. మన ప్రాంతంలో బోరు వేయించిన ఎవరికైనా ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. రిగ్గు వాణ్ణి నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయి అని అడిగితే చెప్పడు, అడుక్కు ఇంత అని రేటు చెప్తాడు. తెలివైన రైతు ముందే ఒక గీత గీసుకుంటాడు: 300 అడుగుల దాకా పోదాం, దుమ్మే లేస్తుంటే ఆపేద్దాం. గీత గీసుకోనివాడు ఇంకో 50, ఇంకో 50 అంటూ అప్పులపాలవుతాడు. కాంటా మిషన్ నుంచి అంకె నేరుగా తీసుకోవడం మాకు అలాంటి పని. మిషన్ వెనక సీరియల్ పోర్ట్ ఉందని తెలుసు, అందులోంచి ఏ రూపంలో అంకె వస్తుందో తెలియదు. దానికి పాయింట్లు వేయలేదు. ఇద్దరికి రెండు రోజులు ఇచ్చాం, అంతకన్నా గంట ఎక్కువ లేదు, చివరికి కావాల్సింది పనికొచ్చే కోడ్ కూడా కాదు, అవుతుందా కాదా అనే జవాబు ఒక్కటే. ఆ జవాబు వచ్చాక స్టోరీ రాసి 8 వేశాం.

అంకెలతో ఏం చేయాలి, ఏం చేయకూడదు

స్ప్రింట్‌లో పూర్తిగా అయిన స్టోరీల పాయింట్లు కూడితే వెలాసిటీ. సగం అయినదానికి సగం మార్కులు లేవు, సున్నానే. మా చివరి మూడు స్ప్రింట్లు 21, 14, 19. బ్యాక్‌లాగ్‌లో, అంటే ఇంకా చేయాల్సిన స్టోరీల జాబితాలో, 90 పాయింట్లు ఉన్నాయనుకోండి. సగటు 18 కాబట్టి ఐదు స్ప్రింట్లు అని ఒకే అంకె చెప్పకండి. మంచి స్ప్రింట్ లెక్కన ఐదు, చెడ్డ స్ప్రింట్ లెక్కన ఏడు, ఐదు నుంచి ఏడు మధ్య అని చెప్పండి. ఆ 14 ఎందుకు వచ్చిందంటే బతుకమ్మ, దసరా. పండుగ స్ప్రింట్‌కు మామూలు స్ప్రింట్ అంత పని ఎత్తుకుని తర్వాత తల పట్టుకునే టీమ్‌లను చాలా చూశాను, క్యాలెండర్ గోడ మీదే వేలాడుతూ ఉంటుంది మరి.

చేయకూడనిది ఒకటే గట్టిగా చెప్తా. నేను మొదట పనిచేసిన చోట ఒక మేనేజర్ ఎక్సెల్ షీట్ తెచ్చి 1 పాయింట్ అంటే 8 గంటలు అని గీత గీశాడు. పక్క టీమ్ 40 చేస్తోంది, మీరు 25 ఏంటి అని అడగడం మొదలైంది. తర్వాతి నెల మా వెలాసిటీ 45. పని రవ్వంత కూడా పెరగలేదు, 3 వేసేచోట 5 వేశాం, అంతే. కాంటా రాళ్లు మార్చినట్టే, తూగేది మారలేదు. పాయింట్లు పుట్టిందే ఈ తలనొప్పి తప్పించుకోవడానికి. జెఫ్రీస్ వాళ్లు మొదట ఏ ఆటంకం లేకుండా పని చేస్తే ఎన్ని రోజులు అని అంచనా వేసేవాళ్లు, నిజానికి అది దాదాపు మూడు రెట్లు పట్టేది, మూడు రోజులన్న పనికి తొమ్మిది రోజులేంటని పైవాళ్లు నిలదీస్తుంటే రోజులు అనే మాట తీసేసి పాయింట్లు అన్నారు. ఆ తర్వాత లోకం వాటిని వాడుకున్న తీరు చూసి, పాయింట్లు కనిపెట్టింది నేనే అయితే క్షమించండి అన్నట్టు ఆయనే రాశాడు. కొన్ని టీమ్‌లు ఇప్పుడు పాయింట్లు పూర్తిగా మానేసి, అన్ని స్టోరీలనూ ఒకే సైజుకు కోసి, వారానికి ఎన్ని అయ్యాయని లెక్కపెడుతున్నాయి. కోయడం బాగా వచ్చినవాళ్లకు అది చాలు. మాకు ఇంకా అంత రాలేదు, పైగా ఆ 13 లాంటి అంకె లేచి నిలబడితే తప్ప మా సీనియర్లు నోరు మూసుకుని వినరు, నాతో సహా.

అయిపోయిన స్టోరీకి వెనక్కి పోయి పాయింట్లు దిద్దొద్దు. 3 అనుకున్నది 8 అంత పట్టిందా, పట్టనీ. తప్పులు అటూ ఇటూ వెలాసిటీలో కలిసిపోతాయి. మొదలు పెట్టని స్టోరీ గురించి కొత్త సంగతి తెలిస్తే మాత్రం మళ్లీ ఓటు వేయించండి.

ఆ ఎస్సెమ్మెస్ స్టోరీ చివరికి మూడు ముక్కలైంది. ఒక నంబరు మీద ఎంతమంది రైతులున్నారో గుమస్తాకు చూపించి సరిచేయించుకోవడం 5. లోడు నంబరు, రైతు ఇంటిపేరు మొదటి అక్షరం, నికరం, సూటు మాత్రమే ఉండేలా 70 అక్షరాల్లో పట్టే మెసేజ్ 3. డీఎల్‌టీ రిజిస్ట్రేషన్‌కు పాయింట్లు లేవు, అది అప్లై చేసి ఎదురుచూసే పని, ప్రోడక్ట్ ఓనర్ పేరు మీద ఉంది. అది వచ్చేదాకా మెసేజ్ స్టోరీని స్ప్రింట్‌లోకి తీసుకోవద్దని అనుకున్నాం. ఇవాళ పొద్దున స్టాండప్ అనే రోజువారీ చిన్న మీటింగ్‌లో అడిగితే ఇంకా రాలేదన్నాడు. ఈ స్ప్రింట్‌లో 5 పాయింట్ల ముక్క ఒక్కటే నడుస్తోంది. దాని టికెట్ ఆ తమ్ముడే రాశాడు, "ఒకరి లెక్క ఇంకొకరికి పోకుండా ఉండాలంటే" అని మొదలుపెట్టి.